ఒక్కొక్కరికీ ఐదు నిమిషాలు

(బీదర్‌లో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ ఉపన్యాసం అచ్చు వేసేటప్పుడు మా టీచరు పేరు వేయవద్దని ఆయన భార్య కోరారు. "బతికున్నప్పుడే శాలువా కప్పబోతే పక్కకు జరిగేవారు, ఇప్పుడెందుకు బాబూ" అన్నారు. అందుకని ఈ పాఠం పొడుగునా ఆయన్ను సారు అనే అంటాను. ఈ హాల్లో ఉన్నవాళ్ళకు ఆ మాట చాలు.

సారు ముప్ఫై మూడేళ్ళు ప్రభుత్వ ప్రాథమిక బడుల్లోనే పనిచేశారు. హైస్కూలుకు ప్రమోషన్ వస్తే వద్దన్నారు. నేను ఆయన దగ్గర మూడు, నాలుగు, ఐదు తరగతులు చదివాను. తరవాత నేనూ టీచరు ఉద్యోగంలో చేరి, అందులోనే రిటైరయ్యాను. ఆయన పోయిన నెలకు వాళ్ళ అబ్బాయి నన్ను పిలిచి ఒక ట్రంకు పెట్టె తెరిచి చూపించాడు. లోపల పొడుగు నోటుపుస్తకాలు, ఏడాదికొకటి. కిరాణా కొట్లో ఖాతా రాసుకునే రకం, ఎర్ర బట్ట అట్టలు.

పేజీకి ఒక పిల్లవాడు. పైన పేరు, ఇంట్లో మాట్లాడే భాష, తల్లిదండ్రుల పని, ఇంటి నుంచి బడికి ఎంత దూరం. కింద జూన్ తేదీ వేసి నాలుగైదు ముక్కలు. "అక్షరాలు వచ్చు, ఒత్తులు రావు." "చదువుతాడు, ఏం చదివావంటే చెప్పలేడు." "బోర్డు చూడడానికి లేచి నిలబడుతున్నాడు, కళ్ళు చూపించాలి." "దీపావళి తరవాత చెరుకు కోతకు పోతారు, మళ్ళీ ఉగాదికే." అదే పేజీలో అక్టోబరులో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి మళ్ళీ రాత. ఆ పుస్తకాల్లో ఎక్కడా మార్కులు లేవు. మార్కుల రిజిస్టరు బడిలో వేరే ఉండేది, అది పైవాళ్ళకు. ఇది తనకు.

బడి తెరిచిన మొదటి పది రోజులు సారు పాఠం మొదలుపెట్టేవారు కాదు. మిగతా పిల్లలకు ఏదో పని అప్పగించి, ఒక్కొక్కర్నీ వేపచెట్టు కిందికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని చదివించుకునేవారు. మనిషికి ఐదు నిమిషాలు. వెనకబడే పిల్లల్ని బడి ఎట్లా గుర్తుపడుతుంది, గుర్తుపట్టాక ఏం చేస్తుంది అన్నదే ఈ రోజు నేను మాట్లాడబోయే సంగతి. ఆ ఐదు నిమిషాల చుట్టూనే తిరుగుతాను.

మా తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. పుస్తకం పట్టుకున్నాడంటే పాఠం గడగడా ఒప్పజెప్పేవాడు. ఇన్‌స్పెక్టరు వచ్చినా, ఊరి పెద్దలు వచ్చినా వాణ్ణే లేపేవాళ్ళు. సారు మా బడికి బదిలీ మీద వచ్చిన ఏడాది వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చదవమన్నారు. వాడు ఎప్పటిలాగే అందుకున్నాడు. సారు కాసేపు విని, పాఠం పైనున్న బొమ్మను అరచేత్తో మూసి, మూడో వరుస మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి "ఇదేంటి?" అన్నారు. వాడు మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. "అట్లా కాదు నాన్నా, ఇదొక్కటే." వాడు సారు ముఖం చూశాడు, పుస్తకం చూశాడు, మళ్ళీ సారు ముఖం చూశాడు. మూడేళ్ళుగా వాడు చదివింది బొమ్మను. బొమ్మను బట్టి ఏ పాఠమో పోల్చుకుని, విన్నదంతా అప్పజెప్పేవాడు. అంత జ్ఞాపకశక్తి ఉన్నవాడికి అక్షరం రాదని మూడేళ్ళు ఎవరికీ తెలియలేదు.

నా సంగతి దానికి తలకిందులు. మాది తెలుగిల్లు, బడి కన్నడం. కన్నడ పాఠంలో ఒకచోట 'హాలు' అని ఉంది. పక్కన చెంబు బొమ్మ, దానిలోకి ధార పడుతున్న ఆవు పొదుగు. నేను 'పాలు' అని చదివాను. తరగతంతా నవ్వింది. సారు నవ్వలేదు. బోర్డు మీద ఎడమ పక్క పాలు, పులి, పండు, పువ్వు, పల్లె, పంది అని రాశారు. కుడి పక్క హాలు, హులి, హణ్ణు, హూవు, హళ్ళి, హంది. "మనింట్లో ప, వాళ్ళింట్లో హ. ఒకే తల్లి బిడ్డలు, పలకరింపు వేరు" అన్నారు. ఆ రోజు నుంచి నాకు కన్నడం పరాయి భాష కాలేదు. తాళం చెవి నా ఇంట్లోనే ఉందని తెలిసింది. అయితే ఆ చెవి ప్రతి తాళానికీ పట్టదని కూడా ఆయనే చెప్పారు. కన్నడంలో 'కల్లు' అంటే రాయి. కల్లు గీసే ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడు ఆ మాట దగ్గర ఎందుకు ఆగిపోయాడో కన్నడం ఒక్కటే తెలిసిన టీచరుకు అంతుపట్టదు.

సారు పుస్తకంలో నా పేజీ కూడా చూశాను. "అర్థం తెలుస్తోంది, అక్షరం చూడడం లేదు" అని ఉంది. ఆ అబ్బాయి పేజీలో "కంఠతా వచ్చు, అక్షరం లేదు, అర్థం లేదు" అని. పరీక్ష పెడితే ఇద్దరికీ ఒకే సున్నా వచ్చేది. జబ్బులు రెండు, మందులు రెండు.

లెక్కల్లోనూ అంతే. 52లోంచి 27 తీసేయమంటే 35 అని రాసే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాంటి పలక మీద అయిదు తప్పులుంటే అయిదు ఇంటూలు కొట్టి ఇచ్చేవాణ్ణి. ఒకసారి సారు మా బడికి వచ్చి ఆ పలక చూసి, పిల్లను దగ్గరకు పిలిచి "ఎట్లా చేశావమ్మా, చెప్పు" అన్నారు. "ఏడులోంచి రెండు పోతే ఐదు, ఐదులోంచి రెండు పోతే మూడు" అంది. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయాలని ఎప్పుడో ఎవరో చెప్పిన మాటను ఆ పిల్ల ప్రతి గడిలోనూ శ్రద్ధగా పాటిస్తోంది. అయిదు లెక్కల్లోనూ ఒకే నియమం, ఒకే తప్పు. ఆ పిల్లకు తీసివేత రాక కాదు, పది విడగొట్టడం రాక. చీపురుపుల్లలు పదేసి కట్టలు కట్టి, ఒక కట్ట విప్పించి చూపిస్తే అరపూటలో పట్టుకుంది. ఇప్పుడు అక్షర ఫౌండేషన్ వాళ్ళ 'గణిత కలికా ఆందోలన' కింద కల్యాణ కర్ణాటక బడులకు వచ్చిన లెక్కల కిట్లలో ఇదే పని చేసే వస్తువులున్నాయి. మీ బడిలో ఆ కిట్ ఉంటే బీరువాలో ఉంచకండి. పిల్లల చేతుల్లో అరిగితేనే అది వాడినట్టు.

ఇక ఇప్పుడు మన బడులు వెనకబడ్డవాళ్ళను ఎట్లా గుర్తుపడుతున్నాయో చూద్దాం. చాలా హైస్కూళ్ళలో ఆ జాబితా పదో తరగతిలో, అర్ధసంవత్సర పరీక్ష అయ్యాక, డిసెంబరులో తయారవుతుంది. ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్ష దగ్గరికొచ్చింది, ఫలితం పడిపోతే జిల్లా విద్యాశాఖ డీడీపీఐ ఆఫీసు నుంచి నోటీసు వస్తుంది. అప్పుడు 'సి గ్రేడ్' పిల్లల పేర్లు రాస్తారు, టీచర్లకు పంచి దత్తత ఇస్తారు, సాయంత్రం విశేష తరగతులు పెడతారు. పాసింగ్ ప్యాకేజ్ అని ఒక పల్చటి పుస్తకం చేతికిస్తారు. ఇవి చదివితే పాస్ మార్కులు వస్తాయి, మిగతావి వదిలెయ్ అని. ఆ టీచర్లు సాయంత్రం ఏడింటి దాకా బడిలో ఉంటారు, ఆదివారాలు వస్తారు. వాళ్ళ కష్టాన్ని నేను తక్కువ చేయను, నేనూ ఆ కష్టం పడ్డవాణ్ణే. కానీ మూడో తరగతిలో ఒత్తుల దగ్గర ఆగిపోయిన పిల్లవాడికి పదో తరగతి డిసెంబరులో మందు వేయడం ఆలస్యం. ఏడేళ్ళు ఆలస్యం.

2024లో ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్ష గదుల్లో వెబ్‌కాస్టింగ్ కెమెరాలు పెట్టారు. అంతకు ముందు ఏడాది రాష్ట్రంలో ఉత్తీర్ణత 83.89 శాతం. 2024లో గ్రేస్ మార్కులు రెట్టింపు చేసినా 73.40కి దిగింది. పిల్లలు ఒక్క ఏడాదిలో మొద్దుబారలేదు. ఎప్పటి నుంచో ఉన్న లోటు ఆ ఏడాది కనిపించింది. అప్పుడు దిగువన తేలిన జిల్లాలు మనవే, కల్యాణ కర్ణాటకవే. 1472లో మహమూద్ గవాన్ మదరసా కట్టిన ఊరు మనది. ఎక్కడెక్కడి నుంచో చదువుకోను వచ్చేవాళ్ళ కోసం పక్కన గదులు కూడా కట్టించాడు ఆయన. ఆ గోడ మీది నీలం పెంకులు చూపించి గర్వపడే హక్కు మనకుంది. ఆ గోడకు రెండు వీధుల అవతల ఆరో తరగతి పిల్ల తన పేరు తప్ప చదవలేకపోతే బాధపడే పూచీ కూడా మనదే.

జాబితా రాయడంలో మరో ప్రమాదం ఉంది. నేను పనిచేసిన ఒక బడిలో ప్రార్థన అయ్యాక "సి గ్రేడ్ వాళ్ళు ఇటు రండి" అని మైకులో పిలిచేవాళ్ళు. వచ్చి నిలబడ్డవాళ్ళలో ఒక అబ్బాయి వారానికే మానేశాడు. వాళ్ళింటికి వెళ్తే తల్లి అంది, "సార్, వాడికి చదువు రాదని బడే చెప్పింది గదా, మళ్ళీ పిలుస్తారేంది?" ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. సారు నోటుపుస్తకాలు ముప్ఫై మూడేళ్ళు తాళం వేసిన పెట్టెలో ఎందుకున్నాయో నాకు ఆ రోజే తెలియాల్సింది. అవి వైద్యుడి చీటీల లాంటివి. రోగి పేరు వీధిలో చదవరు.

మరి ప్రతి పిల్లనూ విడిగా చూడడం టీచరు దయా? కాదు. అది చట్టం. 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ టీచరు విధుల్ని చెబుతుంది. ప్రతి పిల్ల నేర్చుకునే శక్తిని అంచనా వేయాలి, అవసరమైతే అదనంగా బోధించాలి అని అందులో ఉంది. ప్రతి పిల్ల అన్నారు, తరగతి సగటు అనలేదు. మన రాష్ట్రంలో ఏటా జూన్‌లో సేతుబంధ పెడతారు. ముందొక పరీక్ష, కొన్నాళ్ళ పాఠం, తరవాత ఇంకో పరీక్ష. ఆలోచన బంగారం. అయితే ముందు పరీక్ష కాగితం మీద పెట్టి, కాగితాలు దిద్ది, అంకెలు పైకి పంపితే అది ఇంకో యూనిట్ టెస్ట్ అవుతుంది. చదవడం రానివాడికి చదివి రాయాల్సిన పరీక్ష పెడితే ఏం తెలుస్తుంది? రాదని తెలుస్తుంది. ఎక్కడ ఆగాడో తెలియదు.

ఎక్కడ ఆగాడో తెలుసుకునే సులువైన కొలబద్ద దేశంలో ఉంది. ప్రథమ్ సంస్థ 2005 నుంచి 'అసర్' సర్వేలో ఒకే కాగితం వాడుతోంది. దాని మీద అక్షరాలు, చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. పిల్ల ఇంటికి వెళ్ళి పక్కన కూర్చుని చదివించుకుంటారు. ఎంతవరకు హాయిగా చదివితే అంతవరకు గుర్తు పెడతారు. 2024 సర్వేలో దేశం మొత్తం మీద గ్రామాల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి కథ చదవగలిగినవాళ్ళు 48.8 శాతం. కరోనా తరవాత 2022లో అది 42.8. అంటే కోలుకుంటున్నాం, కానీ ఇప్పటికీ సగంమంది ఆ కథ దాటలేదు. ఆ కాగితం చూసినప్పుడల్లా నాకు వేపచెట్టు గుర్తొస్తుంది. సారు దగ్గర అచ్చు కాగితం లేదు, అంతే తేడా.

గుర్తుపట్టాక ఏం చేయాలన్నది ఇంకా పెద్ద సంగతి. ఇక్కడ ఒక అనుభవం చెప్పాలి. పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా చదవగలిగే స్థాయిని బట్టి గుంపులు చేసి నేర్పే పద్ధతిని ప్రథమ్ చాలా రాష్ట్రాల్లో నడిపింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లోలు దాన్ని ఏళ్ళ తరబడి పరిశీలించారు. 2019లో వాళ్ళకు నోబెల్ వచ్చింది ఇలాంటి క్షేత్ర పరిశీలనలకే. వాళ్ళు చూసినదాంట్లో నాకు బాగా పట్టిన ముక్క ఇది. టీచర్లకు శిక్షణ, సామగ్రి ఇచ్చి, రోజువారీ పాఠంలోనే కలుపుకోమని వదిలేసిన చోట పెద్దగా ఏమీ మారలేదు. హర్యానాలో బడివేళల్లోనే ఒక గంట విడదీసి, ఆ గంట పిల్లల్ని స్థాయి ప్రకారం కూర్చోబెట్టి, సిలబస్ జోలికి పోకుండా చదవడం నేర్పితే చదువు పెరిగింది. టీచర్లు వాళ్ళే, బడులు అలాంటివే. వేరుగా ఒక గంట దొరికింది. మన దగ్గర 'ఓదు కర్ణాటక' కార్యక్రమం ఆ దారిలోదే. టైంటేబుల్లో గంట లేని కార్యక్రమం గోడమీది పోస్టరుగా మిగిలిపోతుందని టీచర్లందరికీ తెలుసు.

ఒక సంగతి తెలుగువాళ్ళు గర్వంగా చెప్పుకోవచ్చు. కర్ణాటక ప్రభుత్వ బడుల్లో చిన్న తరగతుల్లో నడిచే 'నలి కలి' పద్ధతికి పుట్టిల్లు తెలుగు నేల. అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె దగ్గర రిషీ వ్యాలీ చుట్టూ ఉన్న పల్లె బడుల కోసం పద్మనాభరావు, రమ దంపతులు చదువును చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి ఒక నిచ్చెన తయారు చేశారు. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె టీచర్లు అక్కడికి వెళ్ళి చూసి, యూనిసెఫ్ సాయంతో దాన్ని కన్నడంలో తమ పిల్లలకు తగినట్టు రాసుకున్నారు. 2009-10లో రాష్ట్రమంతా విస్తరించారు. ఆ తరగతిలో బెంచీల వరుసలుండవు. టీచరు పూర్తిగా సాయపడే గుంపు ఒకటి, కొంత సాయపడేది ఒకటి, తోటి పిల్లల సాయంతో నేర్చుకునేది ఒకటి, తనంతట తాను చేసుకునేది ఒకటి. గోడ మీద నిచ్చెన బొమ్మ, ఎవరు ఏ మెట్టు మీదున్నారో వాళ్ళకే తెలుస్తుంది.

ఆ నిచ్చెన విలువ బీదర్‌కు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదంటాను. ఔరాద్ నుంచి, బసవకల్యాణ నుంచి, తండాల నుంచి కుటుంబాలు హైదరాబాద్, పుణె కట్టడాల మీదికి, చెరుకు కోతలకు పోతాయి. నాలుగు నెలలకు పిల్లవాడు తిరిగొచ్చేసరికి తరగతి ఆరు పాఠాలు దాటి ఉంటుంది. మామూలు తరగతిలో వాడు ఏడో పాఠంలో కూర్చుంటాడు, ఆ ఏడాదికి వాడి పని అయిపోయినట్టే. నిచ్చెన ఉన్న తరగతిలో వాడు దిగిన మెట్టు మీదే మళ్ళీ ఎక్కుతాడు. అక్కడ వాడు వెనకబడడు, ఆగి మళ్ళీ బయల్దేరతాడు. నలి కలి అమలులో లోపాలు ఉన్నాయని టీచర్లు చెబుతారు, నిజమే. కార్డులు చిరిగిపోతే కొత్తవి రావు, ఒకే టీచరు మీద మూడు తరగతులు పడతాయి. లోపాలు దిద్దుకోవాలి గానీ నిచ్చెన తీసేయకూడదు.

హాజరు గురించి కొద్దిగా. పిల్ల చదువు జారిపోతోందని మార్కుల కంటే ముందు చెప్పేది హాజరుపట్టీ. అమెరికాలో చికాగో పరిశోధకులు 2005లో తొమ్మిదో తరగతి పిల్లల లెక్కలు తీసి, ఆ ఒక్క ఏడాది సబ్జెక్టులు తప్పకుండా గాడిన ఉన్నవాళ్ళు హైస్కూలు పూర్తి చేసే అవకాశం మిగతావాళ్ళకంటే మూడున్నర రెట్లు ఎక్కువని తేల్చారు. మన రాష్ట్రంలో ఒకప్పుడు 60 రోజులు రాకపోతేనే బడి మానినట్టు లెక్క. హైకోర్టు 2013లో బడి బయటి పిల్లల సంగతి తనంతట తాను విచారణకు తీసుకున్నాక ఆ గడువు ఏడు రోజులైంది. మంచి మార్పు. ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్ళ కంప్యూటర్ పద్ధతితో మానేయబోయే పిల్లల్ని ముందే లెక్కగట్టారు. 2018-19కి ఒక్క విశాఖపట్నం జిల్లా ప్రభుత్వ బడుల్లోనే అలాంటివాళ్ళు సుమారు 19,500 మంది అని తేలింది. యంత్రం పేర్లు చెప్పగలదు. ఆ ఇంటి గడప ఎక్కి, మంచం మీద కూర్చుని, ఇచ్చిన చాయ్ తాగి, "పిల్ల ఎందుకు రావట్లేదక్కా" అని అడగాల్సింది మనిషే. సారు పుస్తకాల్లో కొన్ని పేజీల చివర "ఇంటికి వెళ్ళాను" అని తేదీలు ఉన్నాయి. ఒక పేజీలో అలాంటి తేదీలు తొమ్మిది.

కళ్ళు, చెవులు, ఆకలి కూడా చూడాలి. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం డాక్టర్లు బడికి వస్తున్నారు, వాళ్ళు రాసిచ్చిన కళ్ళద్దాలు పిల్ల ముక్కు మీదికి చేరాయా లేదా చూసుకోవాల్సింది మనం. కొందరి మెదడు అక్షరాన్ని వేరే తీరుగా పట్టుకుంటుంది. దాన్ని మొండితనం అనకండి, 2016 వికలాంగుల హక్కుల చట్టం దాన్ని వైకల్యంగా గుర్తించింది, కన్నడ, మరాఠీల్లో పరీక్షించే సాధనం కూడా ఉంది. మధ్యాహ్న భోజనంలో గుడ్డు 2021 డిసెంబరులో మొదలైన జిల్లాల్లో మనదొకటి. కడుపు నిండిన పిల్ల చదివే తీరు వేరని వంటమ్మలు చెబుతారు. వాళ్ళ మాటకు సర్వే అక్కర్లేదు.

ఊళ్ళో ఇంకో అనుభవం ఉంది, అది చెప్పకుండా బీదర్‌లో ఈ ఉపన్యాసం పూర్తి కాదు. ఇంజనీరుగా పనిచేసిన అబ్దుల్ ఖదీర్ గారు 1989లో కొద్దిమంది పిల్లలతో మొదలుపెట్టిన షాహీన్ విద్యాసంస్థల గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. నీట్ ర్యాంకుల పోస్టర్లు అందరూ చూశారు. నాకు ముఖ్యమైంది ఆ పోస్టర్ల వెనకున్న గది. దానికి వాళ్ళు పెట్టిన పేరు అకడమిక్ ఇంటెన్సివ్ కేర్ యూనిట్. చదువు మధ్యలో మానినవాళ్ళు, బాగా వెనకబడ్డవాళ్ళు, మదరసాలో ఖురాన్ అంతా కంఠస్థం చేసి లెక్కల్లో అడుగుపెట్టని పిల్లలు అక్కడ చేరతారు. ఒక్కో టీచరుకు కొద్దిమంది పిల్లలు. ఎక్కడ ఆగారో అక్కడి నుంచి, కూడికల నుంచైనా సరే, మొదలుపెట్టి కొన్ని నెలల్లో వాళ్ళ వయసు తరగతికి చేరుస్తారు. మా తరగతి అబ్బాయి గుర్తొస్తున్నాడా? బొమ్మ చూసి పాఠం ఒప్పజెప్పినవాడు? ఆ జ్ఞాపకశక్తి ఒక బడిలో లోపాన్ని కప్పే ముసుగైంది. ఇక్కడ అలాంటి జ్ఞాపకశక్తినే పెట్టుబడిగా తీసుకున్నారు.

హైదరాబాద్ దారిలో రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి ఇంకో దారిలో ఇదే చేసింది. మామిడిపూడి వెంకటరంగయ్య గారి స్మృతిలో పుట్టిన సంస్థ అది. పశువులు కాసే పిల్లల్ని, పత్తి చేలల్లో పనిచేసే పిల్లల్ని శిబిరాల్లో పెట్టి, కొన్ని నెలలు దగ్గరుండి నేర్పి, చిన్నపిల్లల మధ్య కూర్చోబెట్టకుండా వయసుకు తగిన తరగతిలోకి పంపారు. ఆ సంస్థను నడిపించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది ఆ పనికే. పన్నెండేళ్ళవాణ్ణి ఒకటో తరగతిలో కూర్చోబెడితే వాడు సిగ్గుతోనే పారిపోతాడని వాళ్ళు ఊరూరా చూపించారు. తరవాత విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్‌లో అదే మాట వచ్చింది. వయసు తరగతిలో చేర్చాలి, తోటివాళ్ళను అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి అని.

ఈ రెండు ప్రయత్నాలకూ నేను చేతులెత్తి నమస్కరిస్తాను. నమస్కరిస్తూనే ఒక మాట అంటాను. ఐసీయూ కావాలి, అది లేని ఊళ్ళో ప్రాణాలు పోతాయి. కానీ ఊరి జ్వరాలన్నీ ఐసీయూకే వస్తున్నాయంటే ఊళ్ళో చెయ్యి పట్టుకుని నాడి చూసేవాళ్ళు లేరని అర్థం. నాడి చూసే చోటు ప్రాథమిక బడి. చూడాల్సిన వయసు ఎనిమిదేళ్ళు. కేంద్రం 2021లో నిపుణ్ భారత్ మొదలుపెట్టి మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్ల చదవాలి, లెక్క చేయాలి అంది. తెలంగాణ 2022లో అదే గురితో తొలిమెట్టు పెట్టింది. గురి సరైన చోటే పెట్టారు.

పిల్ల ఎక్కడ ఆగిందో చూసేటప్పుడు ఇంటి భాష కూడా వినాలి. నిజాం కాలంలో భాల్కి మఠం చెన్నబసవ పట్టద్దేవరు బడి బయట ఉర్దూ బోర్డు పెట్టి లోపల కన్నడం నేర్పించారు. పిల్లకు ఇంటి భాషలో చదువు అందాలని ఈ జిల్లా పెద్దలు అంత సాహసం చేశారు. ఇప్పుడు ఆ కన్నడ బడిలోకే తెలుగు పిల్ల, లంబాడీ పిల్ల, ఉర్దూ పిల్ల వస్తున్నారు. వాళ్ళ ఇంటి మాటను తప్పు కింద కొట్టేయకుండా వినడం ఆ పెద్దాయనకు మనం చెల్లించాల్సిన బాకీ.

టీచర్లకు నా విన్నపం ఒకటే. వచ్చే జూన్‌లో రిజిస్టర్లు, పాఠ్యపుస్తకాల లెక్క, ఆన్‌లైన్ ఎంట్రీలు మీ మెడకు చుట్టుకుంటాయని తెలుసు. వాటికి ముందు, మూడో తరగతి పిల్లల్ని ఒక్కొక్కర్నీ పక్కన కూర్చోబెట్టుకుని వినండి. ఒక నోటుపుస్తకం పెట్టండి, పేజీకి ఒక పేరు రాయండి, మార్కులు వేయకండి. హెడ్‌మాస్టర్లూ, ఎస్‌డీఎంసీ బడి కమిటీ సభ్యులూ, ఆ పది రోజులు ఆ టీచర్ని ఇంకే పనికీ పిలవకండి. తల్లిదండ్రులారా, బడికి వెళ్ళినప్పుడు "మా పిల్లకు ఎన్ని మార్కులు" అని అడిగే ముందు "మా పిల్ల ఎక్కడ ఆగింది" అని అడగండి.

ముప్ఫై మంది పిల్లలు. ఒక్కొక్కరికీ ఐదు నిమిషాలు. మొత్తం రెండున్నర గంటలు.